వినవలసిన వేళ

వేసవి సెలవులలో ఒకనాటి ఉదయము హైదరాబాదు నుండి ఢిల్లీకి పోవు విమానము బయలుదేరుటకు సిద్ధముగా నుండెను. అందు ఒక వరుసలో ముగ్గురు ప్రయాణికులు కూర్చుండిరి. కిటికీ ప్రక్కన ఎనిమిదవ తరగతి చదువుచున్న బాలుడు; వాని ప్రక్కన వాని తాతగారు. ఆయన రైల్వేలో స్టేషను మాస్టరుగా పనిచేసి, పదవీ విరమణ చేసి పండ్రెండేండ్లయినది. నడవ ప్రక్కన కూర్చున్నవారు విమానముల మరమ్మతు శాఖలో పనిచేయు ఇంజనీరు. తాతకును మనుమనికిని అదియే తొలి విమాన ప్రయాణము.

బాలుడు రెండు చెవులను పూర్తిగా కప్పివేయు పెద్ద హెడ్‌ఫోను తగిలించుకొని, సెల్‌ఫోనులో ఆట యాడుచుండెను. తాతగారి కుడిచెవిలో చిక్కుడు గింజంత వినికిడి యంత్రము ఒకటి యుండెను. ఆయనకు ఎడమ చెవి బొత్తిగా వినబడదు. కుడిచెవి ఆ యంత్రము సాయమున వినబడును.

విమాన పరిచారిక నడవలో నిలిచి, నడుము పట్టీని బిగించుకొను విధమును, గాలి చాలనప్పుడు పైనుండి దిగు ప్రాణవాయువు ముసుగును, ఆపద వేళ తెఱచు ద్వారములను చూపుచుండెను. తాతగారు ముందునకు వంగి, ఒక్క మాటయు పోనీయక వినుచుండిరి. బాలుడు తల యెత్తలేదు. ఆమె వారి వరుస కడకు వచ్చినపుడు చిఱునవ్వుతో తన చెవులను తాకి, తీయుమని సైగ చేసెను. బాలుడు హెడ్‌ఫోనును మెడమీదికి జార్చెను. ఆమె రెండడుగులు ముందునకు పోగానే దానిని మరల చెవుల కెక్కించెను.

తాతగారు వాని భుజము తట్టి, "నాయనా! ఆమె తీయుమన్నది కదా!" అనిరి.

బాలునకు కొంచెము కోపము వచ్చెను. "తాతయ్యా! మీ చెవిలోను యంత్రమున్నది. దానిని తీయుమనలేదేమి? నా యంత్రమునకేనా నియమము?" అని యడిగెను.

తాతగారికి ఏమి చెప్పవలెనో తోచలేదు. ప్రక్కనున్న ఇంజనీరుగారు నవ్వి, "అబ్బాయి మంచి ప్రశ్న వేసినాడు. దీనికి సమాధానము 1966వ సంవత్సరములోనే యున్నది" అనిరి. ఆ మాటను సరిగా వినుటకై బాలుడు హెడ్‌ఫోనును తానే తీసి యొడిలో పెట్టుకొనెను.

ఇంజనీరుగారు ఇట్లు చెప్పసాగిరి. "ఆ దినములలో సెల్‌ఫోనులు లేవు. చేతిలో పట్టుకొని తిరుగు చిన్న రేడియోలు అప్పుడప్పుడే వాడుకలోనికి వచ్చుచుండెను. అమెరికాలో ప్రయాణికులు వానిని విమానములలోనికి తెచ్చి పాటలు వినసాగిరి. రేడియో వినునదే గాని పలుకునది కాదు గదా, దానివలన కీడేమి యని ఎవరికైనను తోచును. కాని ఎఫ్.ఎం. రేడియో తాను కోరిన కేంద్రమును పట్టుకొనుటకు తన లోపల తానొక తరంగమును పుట్టించుకొనును. సాధారణముగా అది ఆ కేంద్రముకంటె 10.7 మెగాహెర్ట్జ్ పైన నుండును. నీవు 100 దగ్గఱ పాట వినినచో, నీ పెట్టె 110.7 దగ్గఱ సన్నగా తానును పలుకుచుండును. విమానములకు దారి చూపుటకై భూమిమీద నెలకొల్పిన కేంద్రములు కొన్ని 108 మొదలు 118 వఱకు గల మెగాహెర్ట్జ్‌లలోనే పలుకును. దారి చూపు గొంతులో పాట పెట్టె గొంతు కలిసినచో ఏమగును?"

"అనగా వినునది కూడ పలుకుననుమాట!" అని బాలుడు ఆశ్చర్యపడెను.

"అవును. అందువలననే ప్రయాణికులు తెచ్చు విద్యుత్ పరికరములను విమానములలో వాడరాదని అమెరికా ప్రభుత్వము 1966లో నియమము చేసెను. నాలుగింటిని మాత్రము పేరుపెట్టి మినహాయించెను. మాటలను పట్టి యుంచు యంత్రము, గడ్డము గీసికొను విద్యుత్ యంత్రము, బలహీనమైన గుండెను నడుపు పేస్‌మేకరు, వినికిడి యంత్రము. మీ తాతగారి చెవిలోని దానికి ఆనాడే అనుమతి దొరకినది."

గడ్డము గీసికొను యంత్రము పేరు విని బాలుడు నవ్వెను. తాతగారు తన చెవిని ఒకసారి తాకి చూచుకొనిరి.

"మఱి సెల్‌ఫోను సంగతి యేమి?" అని బాలుడడిగెను.

"అది వేఱు. సెల్‌ఫోను దగ్గఱనున్న స్తంభముతో మాటాడుటకై పుట్టినది. నేలమీద నున్నపుడు దానికి కొన్ని స్తంభములే యందును. ఆకాశమునుండి చూచినపుడు ఒక్కసారిగా ఎన్నో స్తంభములు కనబడును. అన్నిటితో పలుకరించి, క్రిందనున్నవారి సంభాషణలకు అడ్డు తగులును. ఈ కారణముచేతనే అమెరికాలో 1991లో, ఎగురుచున్న విమానమునుండి సెల్‌ఫోను వాడరాదని నిషేధించిరి. ఇంకొక చిక్కు కూడ కలదు. స్పీకరు ప్రక్కన పెట్టిన ఫోను మ్రోగబోవు ముందు బుర్రుమను చప్పుడు వినబడుట నీవెఱుగుదువా? అట్టి చప్పుడు విమాన చోదకుని చెవిలో పడినచో, నేలనుండి వచ్చు ఆజ్ఞలో ఒక అంకె వినబడకపోవచ్చును. ఒక ఫోను తెఱచియున్నంత మాత్రమున విమానము కూలిపోదు. కాని ఆ ఒక్క అంకె అవసరమైన క్షణముననే చప్పుడు రాదని ఎవరును పూచీ పడలేరు."

తరువాతి కాలమున విమానములను దృఢముగా నిర్మించిరి. పరీక్షలు జరిగినవి. 2013 అక్టోబరులో అమెరికాయును, 2014 ఏప్రిల్‌లో మన దేశమును నియమమును సడలించినవి. ఫోనును, పలకవంటి టాబ్లెట్‌ను ఫ్లైట్ మోడులో నుంచి, ప్రయాణమంతయు వాడుకొనవచ్చునని యనుమతించినవి. ఫ్లైట్ మోడనగా ఫోను స్తంభములతో మాటలాడుట మానివేయుట. 2018 నాటి భారత ప్రభుత్వ నియమముల ప్రకారము, తగిన పరికరములు గల విమానములో 3,000 మీటర్ల యెత్తు దాటిన పిదప ఫోనునకు సంబంధము కల్పింపవచ్చును. నియమములు రాతిమీద చెక్కినవి కావు. కారణము మాఱినపుడు నియమమును మాఱును.

ఇదంతయు విని బాలుడు గెలుపొందినవానివలె నవ్వెను. "నా ఫోను ఫ్లైట్ మోడులోనే యున్నది. ఇక అది ఎవరితోను పలుకదు. అట్లయినచో హెడ్‌ఫోను ఎందుకు తీయవలెను?"

"ఫోను సంగతి తీఱినది. ఇప్పుడు మిగిలినది నీ చెవి సంగతి" అనిరి ఇంజనీరుగారు.

విమానము పరుగెత్తి నేలను విడిచెను. ఇండ్లు అగ్గిపెట్టెలవలె చిన్నవయ్యెను. తాతగారు కుర్చీచేతిని గట్టిగా పట్టుకొనిరి. మేఘములు క్రిందికి పోయిన తరువాత ఇంజనీరుగారు మరల అందుకొనిరి.

"విమానమునకు ఆపద కలిగినపుడు మనుష్యులకు దొరకు కాలము బహు స్వల్పము. 44 మంది కంటె ఎక్కువ మందిని మోయు విమానమును నిర్మించువారు, సగము ద్వారములు మూసి యున్నను 90 సెకన్లలో అందఱును బయటపడగలరని చూపవలెను. 2006లో ఏ380 అను రెండంతస్తుల విమానమును జర్మనీలో ఇట్లు పరీక్షింపగా, 873 మంది 78 సెకన్లలో దిగిరి. కాని అది పరీక్ష. నిజముగా జరిగినది వినుము. 2024 జనవరి 2వ తేదీ సాయంకాలము టోక్యో నగరమందలి హనేడా విమానాశ్రయమున ఒక పెద్ద విమానము దిగెను. అందు 367 మంది ప్రయాణికులును, 12 మంది సిబ్బందియు నుండిరి. అది దిగిన దారిమీదనే తీరరక్షక దళమువారి చిన్న విమానమొకటి యుండెను. ముందునాడు వచ్చిన భూకంపములో బాధపడినవారికి సామగ్రి కొనిపోవుటకు అది సిద్ధమగుచుండెను. రెండును ఢీకొనెను. చిన్న విమానములోని ఆఱుగురిలో అయిదుగురు మరణించిరి. పెద్ద విమానము మంటలతో జాఱుకొనుచు పోయి ఆగెను. లోపల పొగ క్రమ్మెను."

బాలుడు కిటికీ వైపు చూచుట మానెను.

"లోపల ప్రకటనలు చేయు మైకు పనిచేయలేదు. ఎనిమిది ద్వారములలో మూడే వాడుటకు వీలుపడెను. పరిచారికలు మెగాఫోనులతోను, ఉత్త గొంతులతోను అఱచి దారి చూపిరి. సామానులు ముట్టవలదనిరి. ప్రయాణికులు వినిరి. 18 నిమిషములలో 379 మందియు ప్రాణములతో బయటికి వచ్చిరి. అందఱికంటె వెనుక దిగినవాడు ముఖ్య చోదకుడు. బాబూ! ఆనాడు ఆ విమానమును మైకు కాపాడలేదు. మనుష్యుని గొంతును, దానిని విన్న చెవులును కాపాడినవి. ఎక్కునప్పుడును దిగునప్పుడును నీ చెవులు ఆ గొంతుకొఱకు తెఱచి యుండవలెను. నీవు విననిచో నష్టము నీ యొక్కనికే కాదు. నీ వెనుకనున్నవారు కూడ నీవలన ఆగిపోదురు."

బాలుడు మాటాడలేదు. ఒడిలోని హెడ్‌ఫోనును అటునిటు త్రిప్పి చూచుచుండెను.

కొంతసేపటికి ముందు వరుసలోనుండి పెద్ద ధ్వనితో సినిమా పాట వినవచ్చెను. ఎవరో ప్రయాణికుడు హెడ్‌ఫోను లేకయే ఫోనులో సినిమా చూచుచుండెను. చుట్టుప్రక్కలవారు తలలు త్రిప్పి చూచిరి. ఒక పసిబిడ్డ ఉలికిపడి లేచి యేడ్వసాగెను. పరిచారిక వచ్చి, హెడ్‌ఫోను పెట్టుకొనుడనియో, ధ్వని నాపుడనియో అతనితో నెమ్మదిగా చెప్పెను. అతడు సిగ్గుపడి జేబులోనుండి ఇయర్‌ఫోనులు తీసెను.

"ఇదేమి చిత్రము! నన్ను తీయుమన్నవారే అతనిని పెట్టుకొనుమనుచున్నారు" అని బాలుడనెను.

తాతగారు చాలసేపటికి నోరు విప్పిరి. "రెండును ఒకటే నియమము, నాయనా! అందఱికొఱకు వినవలసినపుడు చెవి తెఱువవలెను. నీ యొక్కని వినోదమైనపుడు దానిని నీ చెవివఱకే యుంచుకొనవలెను."

ఆట యాడియాడి బాలుని ఫోనులో విద్యుత్తు తగ్గెను. వాడు సంచిలోనుండి పవర్ బ్యాంకు తీసి తగిలింపబోయెను. ఇంజనీరుగారు వాని చేయి పట్టుకొనిరి. దానిమీద 10,000 మిల్లీ ఆంపియర్ గంటలని వ్రాసి యుండెను. "దీనిని 3.7 వోల్టులతో గుణించి, వేయితో భాగింపుము" అనిరి. "37" అని బాలుడు వెంటనే చెప్పెను. "అవి వాట్ గంటలు. 100 వాట్ గంటల వఱకు గల దానిని వెంట తెచ్చుకొననిత్తురు. కాని అది నీ చేతిసంచిలోనే యుండవలెను. సామాను గదికి పంపు పెట్టెలో పెట్టరాదు. ఇటీవల పలు విమాన సంస్థలు దానిని విమానములో వాడుటయే మాన్పించినవి."

"సామాను గదిలో నున్న నేమి?"

"అక్కడ అంటుకొన్న నిప్పును చూచువారెవరు? చేతిలో నున్నచో వెంటనే తెలియును. 2017 ఫిబ్రవరిలో బీజింగునుండి మెల్బోర్నుకు పోవు విమానములో ఒక స్త్రీ హెడ్‌ఫోనుతో పాటలు వినుచు నిద్రపోయెను. బయలుదేరిన రెండు గంటలకు అందలి బ్యాటరీ చెవి ప్రక్కనే పేలెను. ఆమె దానిని లాగి నేలమీద పాఱవేసెను. ముఖమును చేతులును కాలినవి. పరిచారికలు పరుగున వచ్చి బకెట్టెడు నీళ్లు పోసి యార్పిరి. ఆమె మేలుకొనియుండెను గనుక, మనుష్యులు ప్రక్కనుండిరి గనుక అంతటితో పోయినది. 2025 జనవరిలో కొరియా దేశమున ఒక విమానము బయలుదేరకముందే తలపైనున్న సామాను అఱలో నిప్పు పుట్టెను. అందున్న 176 మందియు దిగి బ్రదికిరి, విమానము కాలిపోయెను. పవర్ బ్యాంకే కారణమై యుండవచ్చునని విచారణ చేసినవారు తెలిపిరి. ఆ మార్చి మొదలు ఆ దేశమున పవర్ బ్యాంకులను తలపై అఱలో పెట్టరాదని శాసించిరి."

బాలుడు పవర్ బ్యాంకును మెల్లగా సంచిలో పెట్టి, సంచిని కాళ్లకడ నుంచెను. తరువాత ఏదో తోచినట్లు, "నియమములన్నియు మాకేనా? విమానమును నడుపువారికి లేవా?" అని యడిగెను.

"వారికే ముందు" అనిరి ఇంజనీరుగారు. "10,000 అడుగులకు దిగువన ఎగురునపుడు చోదకులు పనికి సంబంధింపని మాట యొక్కటియు ఆడరాదని అమెరికాలో 1981లోనే నియమము వచ్చినది. అయినను 2009 అక్టోబరులో ఒక వింత జరిగినది. శాన్ డియేగో నుండి మినియాపొలిస్‌కు 144 మంది ప్రయాణికులతో పోవుచున్న విమానములో చోదకులిద్దఱును తమ ల్యాప్‌టాప్‌లు తెఱచి, ఏదో లెక్క చూచుకొనుచు మునిగిపోయిరి. నేలనుండి గంటకు పైగా పిలిచినను పలుకలేదు. దిగవలసిన ఊరు దాటి దాదాపు 150 మైళ్లు పోయిరి. ఎప్పుడు దిగుదుమని పరిచారిక అడిగినప్పుడు గాని వారికి మెలకువ రాలేదు. వెనుకకు మఱలి క్షేమముగా దిగిరి. తరువాత 2014లో, విధిలోనున్న చోదకులు సొంత పనులకు అట్టి పరికరములు వాడరాదని నియమము చేసిరి."

బాలుడు, "పెద్దవారై యుండి అట్లు చేయుదురా!" అనెను.

"నేను వారిని నిందింపలేను" అనిరి తాతగారు. ఆ స్వరము మాఱుటచే బాలుడు తిరిగి చూచెను.

"నేను ఉద్యోగములో చేరిన క్రొత్తలో, 1978వ సంవత్సరమున, ఒక చిన్న స్టేషనులో రాత్రి విధిలో నుంటిని. నా యొద్ద ఒక ట్రాన్సిస్టరు రేడియో ఉండెడిది. ఆ రాత్రి అందులో మంచి నాటకము వచ్చుచుండెను. గదిలో తెచ్చి పెట్టుకొనరాదని తెలిసియు బల్లమీద పెట్టుకొంటిని. టెలిఫోను ప్రక్కగదిలో నుండెను. ఒక గూడ్సు బండి మా స్టేషను దాటి పోవలసియున్నది. అది రాగానే పచ్చదీపము చూపితిని. బండి సగము పోయినది. ఇంతలో మా పోర్టరు, అక్షరము రానివాడు, అఱచుకొనుచు పరుగెత్తి యెఱ్ఱదీపము ఊపెను. ఒక పెట్టె చక్రము క్రింద నిప్పురవ్వలు రాలుచుండెను. బండి ఆగెను. ఇరుసు ఎఱ్ఱగా కాలి, విఱుగుటకు సిద్ధముగా నుండెను. రెండు మైళ్ల అవతల నదిమీద వంతెన."

ఆయన కొంచెము ఆగిరి.

"వెనుక స్టేషను మాస్టరు ఆ నిప్పురవ్వలను ముందే చూచినాడు. బండి నాపుమని చెప్పుటకు నాలుగుసార్లు టెలిఫోను గంట మ్రోగించినాడట. నాకు నాటకమే వినబడినది. నా తప్పును నేనే వ్రాసి యిచ్చితిని. జీతములో కోత పడినది. అది పెద్ద సంగతి కాదు. ఆ బండి వెనుకపెట్టెలో ఒక గార్డు ఉండెను. ఆయనకు నలుగురు బిడ్డలు. ఆ రాత్రి ఆయన నా యొద్దకు వచ్చి, ఏమియు తిట్టక, నా బల్లమీద నున్న రేడియోను ఆపి వెళ్లిపోయెను." తాతగారు మనుమని వైపు తిరిగి, "నాయనా! ఆనాడు నాకు రెండు చెవులును చక్కగా వినబడెడివి" అనిరి.

బాలుడు తాతగారి చేతిమీద తన చేయి వేసెను. ఇంజనీరుగారు కూడ ఏమియు అనలేదు.

విమానము ఢిల్లీ సమీపించుచుండెను. అప్పుడు తాతగారు చెవిని తాకి, తల యాడించిరి. వినికిడి యంత్రములోని బిళ్ల అయిపోయినది. వేఱొకటి పెట్టెలో నున్నది. పెట్టె సామాను గదిలో నున్నది. ఆయనకు ఇంజనుల హోరుకూడ సరిగా వినబడుట మానెను. పెదవులు కదలుట చూచి గ్రహింప యత్నించుచు, ఆయన కొంచెము కలవరపడుచుండిరి.

ఇంతలో పైనుండి ప్రకటన వచ్చెను. ఈసారి ఎవరును సైగ చేయలేదు. బాలుని హెడ్‌ఫోను అప్పటికే సంచిలో నుండెను. వాడు ప్రకటనను చివరివఱకు వినెను. తరువాత తాతగారి కుడిచెవి దగ్గఱకు నోరు చేర్చి, ఒక్కొక్క మాటను విడదీసి చెప్పెను.

"తాతయ్యా! దిగబోవుచున్నాము. పట్టీ బిగించుకొనుమనుచున్నారు. కుర్చీ నిటారుగా నుంచుమనుచున్నారు. మన ద్వారము వెనుక నాలుగు వరుసల అవతల నున్నది. నేను లెక్కపెట్టినాను."

తాతగారు పట్టీ బిగించుకొనిరి.